ఫ్రిజ్‌లో గ్యాస్ అయిపోదు!

కూలింగ్ తగ్గిందంటే చాలు, గ్యాస్ పట్టించాలంటారు. ఆ మాటకి తలూపే ముందు ఇంట్లోనే చూసుకోవాల్సినవి, మార్చుకోదగ్గవి చాలానే ఉన్నాయి.

ఏప్రిల్ వచ్చిందంటే ఫ్రిజ్ మెకానిక్‌లు ఫోన్ ఎత్తరు. ఎత్తినా ‘రేపొస్తానండీ’ అంటారు. ఆ రేపు ఎప్పుడో వాళ్లకీ తెలీదు. ఈలోగా పాలు విరుగుతాయి, దోసెల పిండి పులిసి గిన్నె అంచు దాటుతుంది, ఫ్రీజర్‌లో ఐస్ కరిగి నీళ్లు కింద కూరగాయల డబ్బాలోకి దిగుతాయి. మూడోనాడు మనిషి వస్తాడు. ఫ్రీజర్లో ఓసారి చెయ్యి పెడతాడు, వెనక్కి వంగి కంప్రెసర్ మీద ఇంకోసారి పెడతాడు. ‘గ్యాస్ అయిపోయిందమ్మా, పట్టించాలి’ అంటాడు. ఎంతవుతుందంటే వేలల్లో చెబుతాడు. వంటింట్లో సిలిండర్ అయిపోవడం ఎప్పుడూ చూస్తున్నదే కనక ఫ్రిజ్‌లోదీ అయిపోయే ఉంటుందని మనం ఒప్పేసుకుంటాం.

సిలిండర్లో గ్యాస్ మండి ఖర్చయిపోతుంది. ఫ్రిజ్‌లో గ్యాస్ మండే పనే లేదు, తిరుగుతూ ఉంటుందంతే. కంప్రెసర్ దాన్ని గట్టిగా నొక్కి, వేడెక్కించి, వెనక జాలీలోకి తోస్తుంది. అక్కడ ఆ వేడిని గదిలోకి వదిలేసి ద్రవంగా మారుతుంది. సన్నటి కేపిలరీ గొట్టంలోంచి దూరి ఫ్రీజర్ పలకలోకి వచ్చేసరికి ఒత్తిడి ఒక్కసారిగా పడిపోయి, అంత చలిలోనూ మరిగి ఆవిరైపోతుంది. మరగడానికి కావలసిన వేడిని మన పాలగిన్నె నుంచీ నీళ్ల సీసా నుంచీ లాక్కుంటుంది. మళ్లీ కంప్రెసర్‌కి చేరుతుంది. ఇప్పుడొచ్చే ఇంటి ఫ్రిజ్‌లు చాలావాటిలో ఈ గ్యాస్ 30 నుంచి 60 గ్రాముల మధ్య ఉంటుంది. అతుకులన్నీ వెల్డింగ్ చేసి మూసేసిన దారి అది. ఇరవై ఏళ్లయినా ఆ గ్రాములు ఆ గ్రాముల్లాగే ఉండాలి. తగ్గిందంటే ఎక్కడో చిల్లి పడ్డట్టే. ఆ చిల్లి వెతక్కుండా, పూడ్చకుండా గ్యాస్ పట్టించడం చిల్లికుండలో నీళ్లు పోయడమే. నెలకో రెండు నెలలకో మళ్లీ అదే మనిషి, అదే మాట.

నిజంగా గ్యాస్ లీకైన ఫ్రిజ్‌లు లేవని కాదు. అయితే ఆ మాట దాకా వెళ్లే ముందు చల్లదనం తగ్గడానికి పది కారణాలున్నాయి. వాటిలో సగానికి ఖర్చే లేదు. మిగతావాటికి వందల్లో దొరికే పార్టులు, ఒక స్క్రూడ్రైవరు, ఒక మల్టీమీటరు, కాస్త ఓపిక చాలు. అందరూ మెకానిక్‌లు అయిపోవాలని ఈ కథనం చెప్పడం లేదు. ఫ్రిజ్‌లో మనం చెయ్యి పెట్టదగ్గ భాగం ఏదో, పెట్టకూడని భాగం ఏదో తెలిస్తే చాలు.

ముట్టుకోకూడనిది ముందు

గ్యాస్ తిరిగే గొట్టాలు, కంప్రెసర్ లోపలి భాగం, ఫిల్టర్... వీటి జోలికి ఇంట్లోవాళ్లు వెళ్లకూడదు. ఎందుకో చెప్పాలంటే వందేళ్లు వెనక్కి వెళ్లాలి.

1920లలో ఇంటి ఫ్రిజ్‌లు అమోనియాతోనో, సల్ఫర్ డయాక్సైడ్‌తోనో, మిథైల్ క్లోరైడ్‌తోనో నడిచేవి. కారితే ప్రాణం తీసే వాయువులు. బెర్లిన్‌లో ఒక కుటుంబం ఇలాగే ఫ్రిజ్ లోంచి కారిన గ్యాస్‌కి నిద్రలోనే పోయిందన్న వార్త చదివి ఐన్‌స్టీన్, తన స్నేహితుడు లియో జిలార్డ్‌తో కలిసి కదిలే భాగాలే లేని ఫ్రిజ్ ఒకటి రూపొందించాడు. పేటెంట్లు వచ్చాయి గానీ ఆ ఫ్రిజ్ బజారుకి రాలేదు. రాకపోవడానికి ముఖ్య కారణం, అదే సమయంలో అమెరికాలో థామస్ మిడ్‌గ్లీ బృందం ఫ్రియాన్ తయారుచేయడం. 1930లో మిడ్‌గ్లీ ఆ గ్యాస్‌ని నిండా పీల్చి, కొవ్వొత్తి మీదికి ఊది ఆర్పేసి చూపించాడు. విషం కాదు, మంట రాదు, ఇంకేం కావాలి? ఆర్-12 పేరుతో అది ప్రపంచంలో దాదాపు ప్రతి ఫ్రిజ్‌లోకీ చేరింది. భూమికి గొడుగు పట్టే ఓజోన్ పొరను అది తినేస్తోందని 1974లో మొలీనా, రోలండ్ చెప్పారు. 1985లో అంటార్కిటికా మీద ఓజోన్ రంధ్రం బయటపడింది. 1987లో మాంట్రియల్ ఒప్పందం కుదిరింది. 1992లో మన దేశమూ అందులో చేరింది. తర్వాత వచ్చిన ఆర్-134ఎ ఓజోన్ జోలికి వెళ్లదు గానీ, బరువుకి బరువు చూస్తే బొగ్గుపులుసు వాయువు కన్నా 1,400 రెట్లు ఎక్కువగా భూమిని వేడెక్కిస్తుంది. ఇప్పుడు మనిళ్లలోకి వస్తున్నది ఆర్-600ఎ. అసలు పేరు ఐసోబ్యూటేన్. ఓజోన్‌కి హాని లేదు, వాతావరణానికి భారమూ లేదు. కానీ మండుతుంది! వంటగ్యాస్‌లో ఉండే బ్యూటేన్‌కి తోబుట్టువు మరి. విషవాయువుతో మొదలై, మండని గ్యాస్ మీదుగా, మండే గ్యాస్‌కి చేరాం.

యాభై గ్రాములే కదా అనిపిస్తుంది. ఫ్రిజ్ తన పని తాను చేసుకుపోతుంటే భయపడాల్సింది ఏమీ లేదు. కిటికీలు మూసిన వంటింట్లో గొట్టం కోసి, పక్కనే గ్యాస్ వెల్డింగ్ వెలిగిస్తే మాత్రం ప్రమాదం. మెకానిక్‌లకే ప్రత్యేక శిక్షణ కావలసిన పని అది. మీ ఫ్రిజ్‌లో ఏ గ్యాస్ ఉందో, ఎన్ని గ్రాములో కంపెనీవాళ్లు స్టిక్కర్ మీద రాసే ఉంచుతారు. లోపలి గోడ మీదో, వెనక కంప్రెసర్ దగ్గరో కనిపిస్తుంది. ఆర్-600ఎ అయితే కంప్రెసర్ మీద మంట గుర్తుతో పసుపుపచ్చ హెచ్చరిక కూడా ఉంటుంది.

ఇంట్లోవాళ్ల చేతుల్లో ఫ్రిజ్ చచ్చిపోయేది ఎక్కువగా ఒకే ఒక్క పనిముట్టు వల్ల: కత్తి. సింగిల్ డోర్ ఫ్రిజ్‌లో ఫ్రీజర్ పెట్టె అంటే ఉత్త అల్యూమినియం రేకు కాదు, గ్యాస్ తిరిగే దారే. గడ్డకట్టిన ఐస్‌ని కత్తితో పొడిస్తే ‘సుయ్’మని ఒక శబ్దం వస్తుంది. అంతే, గ్యాస్ మొత్తం పోయినట్టే. నాబ్ మధ్యలో ఎర్ర బటన్ ఉన్నది ఇందుకే. దాన్ని నొక్కితే కంప్రెసర్ ఆగి, ఐస్ కరిగాక తనంతట తానే మళ్లీ మొదలవుతుంది. పిల్లలు నొక్కేసిన ఆ బటన్ని చూసుకోక, ఫ్రిజ్ పాడైందని మెకానిక్‌ని పిలిచిన ఇళ్లు ఎన్నో.

స్క్రూడ్రైవర్ తీసే ముందు

గ్లాసుడు నీళ్లలో థర్మామీటర్ పెట్టి మధ్య అరలో ఒక రాత్రంతా ఉంచండి. పొద్దున్నే 5 డిగ్రీలు, అంతకన్నా తక్కువ చూపిస్తే ఫ్రిజ్ బాగున్నట్టే. ‘చల్లగా లేదు’ అనే మాటకి ఒక అంకె దొరుకుతుంది. అంకె ఉంటే వాదనకి బలం.

కరెంటు చూడండి. పల్లెల్లో, ఊరి చివరి కాలనీల్లో ఎండాకాలం సాయంత్రాలు లో వోల్టేజీ మామూలే. ఫ్యాను నీరసంగా తిరుగుతోందంటే ఫ్రిజ్ కంప్రెసర్ అసలు లేవకపోవచ్చు. ప్లగ్గు సాకెట్‌లో వదులుగా ఉండి వేడెక్కుతోందేమో చెయ్యి దగ్గరగా పెట్టి చూడండి. వెనక నల్లటి జాలీ ఉన్న పాత రకమైతే దాని మీద దుమ్ము, పోపు జిడ్డు కలిసి దుప్పటిలా పేరుకుపోయి ఉంటుంది. ప్లగ్గు తీసి, మెత్తటి బ్రష్షుతో దులిపితే చాలా ఫ్రిజ్‌లు ఆ రాత్రికే తేరుకుంటాయి. గోడకి ఆనించి పెట్టిన ఫ్రిజ్‌ని జానెడు ముందుకి లాగండి. కొత్త ఫ్రిజ్‌లకి జాలీ కనిపించదు, పక్క గోడల లోపల దాచేస్తారు. అందుకే పక్కలు చెయ్యి చురుక్కుమనేంత వేడిగా ఉంటాయి. అది రోగం కాదు, ఆరోగ్యం. ఫ్రిజ్ రెండు పక్కలా బియ్యం డబ్బాలు, అట్టపెట్టెలు పేర్చేసి ఊపిరాడకుండా చేసేది మనమే.

ఇక గ్యాస్ సంగతి. సింగిల్ డోర్ ఫ్రిజ్‌ని ఖాళీ చేసి, అరగంట నడిపించి ఫ్రీజర్ తెరవండి. పలకంతా సమంగా తెల్లటి మంచు పట్టిందంటే గ్యాస్ నిక్షేపంలా ఉంది. కంప్రెసర్ ఆగకుండా తిరుగుతూ, ఒక మూల మాత్రమే మంచు పట్టి మిగతాదంతా తడితడిగా ఉంటే లీకేజీని అనుమానించాలి. కంప్రెసర్ అసలు తిరగనే తిరగకపోతే? అప్పుడు గ్యాస్ ఉందో లేదో చెయ్యి పెట్టి ఎవరూ చెప్పలేరు. ఆగిపోయిన కంప్రెసర్ మీద చెయ్యి పెట్టి ‘గ్యాస్ లేదు’ అన్న మెకానిక్‌కి మంచినీళ్లిచ్చి పంపించేయండి.

రబ్బరు చెప్పే సంగతులు

తలుపు చుట్టూ ఉండే రబ్బరుకి అసలు పేరు గ్యాస్కెట్. అందరూ చూసేదే, ఎవరూ పట్టించుకోనిదీ అదే. రబ్బరు అంటాం గానీ చాలామట్టుకు మెత్తటి పీవీసీ. దాని కడుపులో నాలుగు వైపులా అయస్కాంతపు పట్టీ ఉంటుంది. ఒకప్పుడు ఫ్రిజ్ తలుపులకి బయట గొళ్లెం ఉండేది. పారేసిన ఫ్రిజ్‌లలో దాక్కుని, లోపలి నుంచి తీసుకోలేక పిల్లలు ఊపిరాడక చనిపోతుంటే, లోపలి నుంచి తోసినా తెరుచుకునే తలుపే ఉండాలని 1956లో అమెరికా చట్టం చేసింది. ఆ తర్వాతే అయస్కాంతపు తలుపు అంతటా పాకింది.

పరీక్ష సులువు. పది రూపాయల నోటు సగం లోపల, సగం బయట ఉండేలా పెట్టి తలుపు వేయండి. లాగండి. బిగువుగా వస్తే మంచిదే. జారిపోయిందంటే అక్కడ గాలి దూరుతోంది. పై నుంచి కింద దాకా, కీళ్ల వైపు కూడా ఇలాగే చూడాలి. కీళ్ల వైపు రబ్బరే ముందు నలుగుతుంది. మన కోస్తాలో గాలిలో తేమ ఎక్కువ కాబట్టి గాలి దూరే ఫ్రిజ్‌లో ఫ్రీజర్ నిండా ఐస్ కొండలా పేరుకుంటుంది. ‘ఐస్ బాగా కడుతోంది, కానీ కింద చల్లగా లేదు’ అనే ఫిర్యాదు వెనక చాలాసార్లు ఈ రబ్బరే ఉంటుంది.

కొత్తది కొనే ముందు పాతదాన్ని గోరువెచ్చటి సబ్బునీళ్లతో కడగండి. మడతల్లో ఇరుక్కున్న చింతపండు గుజ్జు, పచ్చడి నూనె, నల్ల బూజు పోతే కొన్ని రబ్బర్లకి పట్టు తిరిగొస్తుంది. ఒక మూల మాత్రమే లోపలికి ముడుచుకుంటే హెయిర్ డ్రయ్యర్‌తో వెచ్చచేసి, వేళ్లతో బయటికి లాగి, చల్లారేదాకా అలా పట్టుకుంటే సరిపోవచ్చు. చిరిగిందా, గట్టిపడి పగుళ్లిచ్చిందా, మార్చాల్సిందే.

మోడల్ నంబరు చెప్పి కొనండి. ‘190 లీటర్ల సింగిల్ డోర్‌ది ఇవ్వండి’ అంటే షాపతను ఏదో ఒకటి ఇస్తాడు. పొడవు, వెడల్పు సరిపోయినా వెనక గాడిలో కూర్చునే అంచు ఆకారం వేరైతే అది ఎప్పటికీ నిలవదు. పెట్టెలో మడిచి ఉండటం వల్ల కొత్త రబ్బరు వంకర్లు తిరిగి ఉంటుంది. చెయ్యి పెట్టగలిగినంత వేడి నీళ్లలో పది నిమిషాలు నాననిస్తే మెత్తబడి తిన్నబడుతుంది. ఇప్పటి ఫ్రిజ్‌లలో రబ్బరు తలుపు గాడిలోకి నొక్కి పెట్టేదే: ఒక మూల నుంచి లాగితే పాతది ఊడొస్తుంది. కొత్తదాన్ని ముందు నాలుగు మూలలూ కూర్చోబెట్టి, తర్వాత మధ్యభాగాలు బొటనవేలితో నొక్కుకుంటూ పోవాలి. ఒక మూల మొదలెట్టి చుట్టూ వరసగా నొక్కుతూ వెళ్తే చివరి మూలకి వచ్చేసరికి నాలుగు అంగుళాలు ఎక్కువో తక్కువో అవుతుంది. పాత ఫ్రిజ్‌లలో రబ్బరు అంచు ఎత్తి చూస్తే వరసగా స్క్రూలు కనిపిస్తాయి. వాటిని పూర్తిగా తీసేయకండి. తలుపు లోపలి ప్లాస్టిక్‌ని పట్టి ఉంచేవీ అవే. అన్నీ తీస్తే తలుపు మెలితిరిగిపోయి, ఎంత మంచి రబ్బరు పెట్టినా ఒక మూల తెరుచుకునే ఉంటుంది. వదులు చేసి, పాతది లాగి, కొత్తది దూర్చి, ఎదురెదురు మూలలు కొద్దికొద్దిగా బిగించుకుంటూ రావాలి.

మొదటి రోజు అక్కడక్కడా సందు కనిపిస్తే కంగారుపడకండి. రాత్రంతా తలుపు మూసి ఉంచితే అయస్కాంతం దాన్ని లాక్కుంటుంది. అప్పటికీ రాకపోతే కింది కీలు సర్దుబాటు చూడాలి.

టిక్... ఊఁ... టిక్

ఫ్రిజ్ లోపల లైటు వెలుగుతోంది, చల్లదనం లేదు. వెనక చెవి పెడితే టిక్‌మంటుంది, కొన్ని సెకన్లు ‘ఊఁ’ అని మూలుగుతుంది, మళ్లీ టిక్‌మని ఆగిపోతుంది. కాసేపటికి మళ్లీ అదే. ఈ శబ్దానికి ‘కంప్రెసర్ పోయింది’ అని ధర కట్టేవాళ్లున్నారు. పోయిందేమో కూడా. కానీ దానికన్నా ముందు అనుమానించాల్సింది రిలే, ఓవర్‌లోడ్ అనే రెండు చిన్న ముక్కల్ని. ఇన్వర్టర్ కాని ఫ్రిజ్‌లలో ఇవి కంప్రెసర్ పక్కనే ప్లాస్టిక్ మూత కింద ఉంటాయి.

కంప్రెసర్‌లో మోటారుకి రెండు వైండింగ్‌లు: ఒకటి మొదలెట్టడానికి, రెండోది నడపడానికి. స్టార్ట్ చేసే క్షణంలో మొదటిదానికి కరెంటు ఇచ్చి, వెంటనే తగ్గించేసేది పీటీసీ రిలే. అందులో రూపాయి బిళ్లంత పింగాణీ బిళ్ల ఉంటుంది. చల్లగా ఉన్నప్పుడు కరెంటుని పోనిస్తుంది, వేడెక్కగానే దాదాపుగా ఆపేస్తుంది. కరెంటు పోయి వెంటనే వస్తే ఆ బిళ్ల ఇంకా చల్లారి ఉండదు, గొట్టాల్లో ఒత్తిడీ సమం కాదు. అందుకే మోటారు లేవదు. స్టెబిలైజర్లు మూడు నిమిషాలు ఆగి కరెంటు ఇవ్వడంలోని కిటుకు ఇదే. ఓవర్‌లోడ్ అనేది కాపలాదారు. మోటారు ఎక్కువ కరెంటు లాగినా, ఎక్కువ వేడెక్కినా దారి తెంచేస్తుంది. మనకి వినిపించే రెండో టిక్కు అదే.

ప్లగ్గు పూర్తిగా తీసేయండి. స్విచ్చి కట్టేస్తే సరిపోదు. మన ఇళ్లలో ఫేజు, న్యూట్రల్ తారుమారైన సాకెట్లు లెక్కలేనన్ని. కంప్రెసర్ వేడిగా ఉంటే చల్లారనివ్వండి. మూత తియ్యగానే ముందు ఫోనుతో వైర్లని ఫొటో తీసుకోండి, ఏ రంగు ఎక్కడుందో తర్వాత ఎవరికీ గుర్తుండదు. రన్నింగ్ కెపాసిటర్ ఉంటే దాని కాళ్లు చేత్తో తాకొద్దు, కరెంటు తీశాక కూడా అందులో కొంత నిలవ ఉంటుంది. రిలేని నేరుగా వెనక్కి లాగితే మూడు పిన్నుల నుంచి ఊడొస్తుంది. చెవి దగ్గర పెట్టి ఊపండి. లోపల గలగలమంటే బిళ్ల పగిలింది. కాలిన వాసన, నల్లమచ్చ ఉన్నా సంగతి అదే. ఓవర్‌లోడ్‌ని మల్టీమీటర్‌తో చూస్తే చల్లగా ఉన్నప్పుడు ఓమ్స్ దాదాపు సున్నా చూపాలి.

ఇప్పుడు ఆ మూడు పిన్నుల దగ్గరికి రండి. కంప్రెసర్ బతికుందో లేదో ఇక్కడ తేలిపోతుంది. కామన్, స్టార్ట్, రన్. ఒక్కో జత పిన్నుల మధ్యా ఓమ్స్ చూసి రాసుకోండి, మూడు అంకెలు వస్తాయి. చిన్నవి రెండూ కూడితే పెద్దది రావాలి. ఉదాహరణకి 12, 18, 30. అలా కుదిరితే వైండింగ్ బాగున్నట్టు. ఏదో ఒక జత అసలు కదలకపోతే వైండింగ్ తెగింది. ఆ తర్వాత ఒక్కో పిన్నుకీ కంప్రెసర్ ఒంటికీ మధ్య చూడండి, రంగు చెక్కేసిన చోట. అక్కడ మీటర్ ఏమీ చూపకూడదు. బీప్‌మందంటే వైండింగ్ కాలి ఒంటికి తగిలింది. ఆ ఫ్రిజ్‌ని మళ్లీ ప్లగ్గులో పెట్టొద్దు, షాక్ కొడుతుంది.

వైండింగ్ బాగుంటే పాత రిలే, ఓవర్‌లోడ్ రెండూ జేబులో వేసుకుని షాపుకెళ్లండి. ఒకటే పాడైనా రెండూ కలిపి మార్చడం మంచిది, ఖరీదు తక్కువే. కంప్రెసర్ మీది మోడల్ నంబరు కూడా చెప్పాలి. ‘అన్నిటికీ పనికొస్తుంది’ అనే రిలే నిజానికి వేటికీ సరిగ్గా పనికిరాదు.

థర్మోస్టాట్ సంగతి క్లుప్తంగా. నాబ్ వెనకాల ఉండే డబ్బా, దానికి తోకలాంటి సన్నటి రాగి గొట్టం. ఫ్రిజ్ వెచ్చగా ఉండి, నాబ్ పూర్తిగా తిప్పి ఉన్నప్పుడు దాని రెండు కాళ్ల మధ్య మీటర్ మోగాలి. మోగకపోతే మార్చాలి. కొత్తది పెట్టేటప్పుడు ఆ తోకని పాతది ఉన్న చోటే, అంతే బిగువుగా బిగించాలి. వదులుగా వేలాడితే ఫ్రిజ్ ఎప్పటికీ ఆగదు. తోకని గట్టిగా వంచితే లోపలి వాయువు పోయి, డబ్బా కొత్తదైనా పనికిరాదు.

డబుల్ డోర్ల కథ వేరు

ఫ్రాస్ట్ ఫ్రీలో మంచు పట్టదని కాదు, మనకి కనపడదంతే. ఫ్రీజర్ వెనక పలక చాటున కాయిల్ ఉంటుంది. ఫ్యాను చల్లగాలిని అక్కడి నుంచి పైకీ కిందకీ పంపుతుంది. కాయిల్ మీద పేరుకునే మంచుని హీటర్ ఒకటి కొన్ని గంటలకోసారి కరిగిస్తుంది. ‘పైన ఐస్ గడ్డకడుతోంది, కింద కూరలు పాడవుతున్నాయి’ అంటే గ్యాస్ తప్పు దాదాపుగా కాదు. గాలి దారి మూసుకుపోయింది.

రుజువు కావాలంటే ఫ్రిజ్ ఖాళీ చేసి, ప్లగ్గు తీసి, తలుపులు బార్లా తెరిచి ఒక రోజంతా వదిలేయండి. కింద పాతబట్టలు పరవండి, నీళ్లు వస్తాయి. మళ్లీ పెడితే వారం రోజులు బ్రహ్మాండంగా పనిచేసి, తర్వాత మొదటికే వచ్చిందంటే మంచు కరిగించే వరసలో ఏదో పోయింది: టైమర్, హీటర్, బైమెటల్, థర్మల్ ఫ్యూజ్, లేదా కొత్తవాటిలో సెన్సరు, బోర్డు. పాత టైమర్‌కి చిన్న గాడి ఉంటుంది. స్క్రూడ్రైవర్‌తో మెల్లగా తిప్పితే టక్కుమని కంప్రెసర్ ఆగి, కాసేపటికి లోపల హీటర్ మీద నీళ్లు పడి చుయ్‌మన్న శబ్దం రావాలి. వస్తే టైమరే ఎక్కడో నిలబడిపోయింది. రాకపోతే పలక విప్పి మిగతావి చూడాలి. ఇక్కడ కొత్తవాళ్లు ఒక దగ్గర బోల్తాపడతారు. బైమెటల్ అనే స్విచ్చి గడ్డకట్టే చలిలోనే కలుస్తుంది. గది వేడిలో మీటర్ పెడితే మోగదు, బాగున్నదాన్ని పారేస్తారు. థర్మల్ ఫ్యూజ్ కాలితే కొందరు దాన్ని తీసేసి వైర్లు నేరుగా ముడేస్తారు. ఫ్రిజ్ వెంటనే పనిచేస్తుంది కూడా. చుట్టూ ఉన్నది ప్లాస్టిక్, ఫోము. హీటర్ ఆగకపోతే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. ఈ పని ఎవరు చేస్తానన్నా ఒప్పుకోవద్దు.

కింద అరలో నీళ్లు నిలుస్తుంటే పార్టులేవీ కొనొద్దు. వెనక గోడ అడుగున చిన్న రంధ్రం ఉంటుంది, కొత్తిమీర ఆకో, మెతుకో అడ్డం పడి ఉంటుంది. గోరువెచ్చని నీళ్లు సిరంజితో కొడితే తెరుచుకుంటుంది. ఆ నీళ్లు వెనక కంప్రెసర్ మీది ట్రేలోకి చేరి, దాని వేడికి ఆవిరవుతాయి. అన్ని ఇళ్లలోనూ పూర్తిగా ఆవిరవవు. డెంగీ దోమకి ఇంతకన్నా అనువైన చోటు ఏముంటుంది? ఫ్రైడే-డ్రైడే అంటూ వచ్చే ఆరోగ్య సిబ్బంది కూలర్, పూలకుండీలతో పాటు ఫ్రిజ్ వెనక ట్రే కూడా చూడమనేది అందుకే. వారానికోసారి పారబోయండి.

ఇన్వర్టర్ కంప్రెసర్ ఉన్న ఫ్రిజ్ అయితే పైన చెప్పిన రిలే పాఠం పనికిరాదు. దానికి మూడు పిన్నుల మధ్యా ఒకే ఓమ్స్ చూపిస్తుంది, నడిపేది బోర్డు. నేరుగా ఇంటి కరెంటు ఇచ్చి ‘తిరుగుతుందేమో చూద్దాం’ అనుకుంటే కంప్రెసరే కాలుతుంది. ప్లగ్గు తీసినా బోర్డులోని కెపాసిటర్లలో ప్రాణం తీసేంత కరెంటు కాసేపు నిలిచి ఉంటుంది. బోర్డు పని తెలిసినవాళ్లకే వదిలేయండి. కనెక్టర్ వదులైందా, చీమలు, బల్లులు చేరి కాలిందా అన్నది ప్లగ్గు తీసి, తాకకుండా కళ్లతో చూసి చెప్పగలిగితే చాలు.

పార్టు దొరకడమే అసలు కథ

హైదరాబాద్ ఆల్విన్ ఫ్రిజ్ వాడిన ఇళ్లు తెలుగునాట ఇప్పటికీ గుర్తుచేసుకుంటాయి. నిజాం కాలంలో, 1942లో మొదలైన సంస్థ. తర్వాత ప్రభుత్వ రంగానికి వచ్చింది. రాయలసీమలో నందలూరులోనూ ఫ్రిజ్‌ల ఫ్యాక్టరీ నడిచింది. తొంభైలలో ఫ్రిజ్‌ల వ్యాపారం వోల్టాస్ చేతికి వెళ్లింది. కంపెనీ పోయాక కూడా ఆ ఫ్రిజ్‌లు చాలాకాలం తిరిగాయంటే కారణం ఊరూరా ఉన్న స్పేర్ పార్టుల షాపులే. రబ్బరు కొలతకి చేయించేవారు, థర్మోస్టాట్ సరిపోయేది వెతికిచ్చేవారు. ఇవాళ్టి ఫ్రిజ్‌కి ఆ అదృష్టం తక్కువ. మోడళ్లు ఏటా మారుతున్నాయి, బోర్డు ఒక మోడల్‌ది ఇంకోదానికి ఎక్కదు. మల్టీమీటర్ కోఠీలో గుజరాతీ గల్లీకి వెళ్తే నిమిషంలో దొరుకుతుంది. అయిదేళ్ల కిందటి ఫ్రిజ్ బోర్డే దొరకదు.

యూరప్‌లో దీనికి చట్టం ఉంది. 2021 మార్చి నుంచి అక్కడ అమ్మే ఫ్రిజ్‌లకి, ఆ మోడల్ అమ్మకం ఆగిన తర్వాత కూడా, థర్మోస్టాట్లు, సెన్సర్లు, బోర్డులు కనీసం ఏడేళ్లు మెకానిక్‌లకి అందుబాటులో ఉంచాలి. తలుపు పిడులు, కీళ్లు, ట్రేలు ఏడేళ్లు, రబ్బరు పదేళ్లు ఇంట్లోవాళ్లకి కూడా అమ్మాలి. ఆర్డరిచ్చిన పదిహేను పనిదినాల్లో పంపాలి. మన దగ్గర కేంద్ర వినియోగదారుల శాఖ 2022 డిసెంబర్ 24న ‘రైట్ టు రిపేర్’ పోర్టల్ తెరిచింది. కంపెనీలు మరమ్మతు వివరాలు, సర్వీస్ సెంటర్ల చిరునామాలు అందులో పెట్టాలన్నది ఉద్దేశం. మరమ్మతుకి ఎంత అనువుగా ఉందో వస్తువు మీదే మార్కులేసే పద్ధతి మీద 2025లో నిపుణుల కమిటీ నివేదిక ఇచ్చింది. అందులో మొదటి వరస ఫోన్లు, ట్యాబ్లెట్లది. ఫోను రెండు మూడేళ్లకి మార్చేవాళ్లం, ఫ్రిజ్ పదిహేనేళ్లు వాడేవాళ్లం. మొదటి వరసలో ఉండాల్సింది ఫ్రిజ్ అని నా అభిప్రాయం.

అన్ని ఫ్రిజ్‌లనీ బతికించాలని మొండికేయడమూ తెలివి కాదు. గోడల లోపల, ఫోము మధ్యలో గొట్టం తుప్పు పట్టి కారితే మెకానిక్‌లు ‘ఇన్నర్ లీకేజీ’ అంటారు. అదైనా, కంప్రెసర్ వైండింగ్ కాలినా, అడుగు రేకు తుప్పు తిన్నా, ఫ్రిజ్ వయసు పదిహేను దాటినా మరమ్మతా, కొత్తదా అని లెక్క వేసుకోవాలి. వారంటీ ఉన్న ఫ్రిజ్‌ని మనం విప్పకూడదు. ‘కంప్రెసర్‌కి పదేళ్ల వారంటీ’ అని పెద్ద అక్షరాల్లో ఉన్న చోట చిన్న అక్షరాలు చదవండి. చాలా కంపెనీలు గ్యాస్, కూలి ఖర్చు అందులో కలపవు.

గ్యాస్ పని తప్పదని తేలితే మెకానిక్‌ని కొన్ని మాటలు అడగండి. లీకు ఎక్కడో చూపిస్తావా? ఫిల్టర్ కొత్తది వేస్తావా? వ్యాక్యూమ్ పంపు తెచ్చావా? గ్యాస్ కాటా మీద తూచి ఎక్కిస్తావా, స్టిక్కర్ మీద రాసిన గ్రాములే ఎక్కిస్తావా? చేతి వాటంగా గ్యాస్ వదిలే మనిషికీ, పని తెలిసిన మనిషికీ తేడా ఈ ప్రశ్నల దగ్గరే బయటపడుతుంది. పని తెలిసినవాడు వీటికి నొచ్చుకోడు. అడిగినంత ఇవ్వండి, ఆ నైపుణ్యానికి ఆ విలువ ఉంది.

ఇవాళ ఒక పని చేయండి. ఫ్రిజ్ లోపల స్టిక్కర్‌కి, కొన్న బిల్లుకి ఫొటో తీసి ఫోన్లో దాచండి. పార్టు కొన్నా, సర్వీస్‌కి ఫోన్ చేసినా ముందు అడిగేది ఆ నంబరే. మార్చిన ప్రతిసారీ పాత పార్టు అడిగి తీసుకోండి, రాసిచ్చిన బిల్లు తీసుకోండి. కంపెనీ పార్టు ఇవ్వనన్నా, వారంటీలో ఉన్నా డబ్బులడిగినా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. తెలుగులోనే మాట్లాడొచ్చు.